పైడమ్మ వదిలిన గాలి

పొగా ఎండా కలిసి నేల మీద గాలిలో పుట్టించే, ఊపిరితిత్తుల్ని చెరిచే ఓజోన్ వాయువు భయానికి ఆ ఊళ్ళో వేసవి మధ్యాహ్నాలు పిల్లల్ని గడప దాటనిచ్చేవారు కారు. మనవరాలి దగ్గు చూడలేక, నిరుడు పైడమ్మ తన ఆటోల పెయింటింగ్ షెడ్డు మూసేసింది. "ఆ రంగుల ఆవిరే ఎండకి ఓజోన్ అవుతాదప్పా" అని నచ్చజెప్పినవాడు ఆమె తమ్ముడు తాతారావు. గాలి కాలుష్య నియంత్రణ ఆఫీసులో ఉద్యోగి. అతని మాట మీద ఊళ్ళో షెడ్లూ ఇటుక బట్టీలూ అన్నీ ఆగిపోయాయి.

గాలి తేటపడింది. పిల్ల ఎండలో ఆడుకుంది. అంతలో ఊరి చివర రసాయనాల ఫ్యాక్టరీ ఒకటి మొదలైంది, వారం తిరక్కుండానే పిల్లకి దగ్గు తిరగబెట్టింది.

భోజనానికి వచ్చిన తమ్ముణ్ణి పైడమ్మ నిలదీసింది. "కొత్త ఫ్యాక్టరీలేవీ రావని చెప్పావు కదరా?"

"ఊళ్ళో ఎంత పొగ తగ్గితే అంత పొగకి కొత్తోళ్ళకి అనుమతి ఇస్తారప్పా. రూలు అదే. మీరు వదిలేసిన వాటా ఆళ్ళకెళ్ళింది."

"నీకు ముందే తెలుసా?"

తాతారావు కంచంలోంచి తలెత్తలేదు. "తెలుసు."

"అయితే రేపే నా షెడ్డు తెరుస్తాను."

"కుదరదప్పా. మూసేసింది మళ్ళీ తెరిస్తే అదీ కొత్తదాని కిందే లెక్క. ఇంక వాటా మిగల్లేదు."

పైడమ్మ వడ్డించబోతున్న చేపల పులుసు గిన్నె అలాగే పట్టుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. తల్లి లేని తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి, అతని కంచం ముందు నుంచి అలా వెళ్ళిపోవడం అదే మొదటిసారి.