పద్యంలో పేరు

ప్రతి గురువారం షౌకత్ మీసాలు దువ్వి, అత్తరు పూసుకుని మల్కా హంస్ ఊళ్ళోని పాత మసీదుకు వెళ్ళేవాడు. నమాజుకు ఇంత సింగారమెందుకని భార్యకు ఒళ్ళు మండేది. ఈ వారం బుర్ఖా వేసుకుని వెనకాలే వెళ్ళింది.

ఆ మసీదులో, పూర్వం ఒక కవి కూర్చుని పద్యాల్లో ప్రేమకథ రాసిన చిన్నగదిలో అతనొక్కడే పాడుతున్నాడు. బయటికి గొంతు వినిపిస్తోంది గానీ మాటలు తెలియడం లేదు.

"ఎవరికోసం చాచా, ఆ పాట?" అని వాకిలి ఊడుస్తున్న ముసలాయన్ని అడిగింది.

"ఎవరో అదృష్టవంతురాలు తల్లీ! ఆ కవి పద్యాల్లో నాయిక పేరు తీసేసి ఆవిడ పేరు పెట్టి పాడతాడు, పిచ్చోడు."

"దాని పేరేమిటి?" ఆమె పళ్ళు కొరికింది.

"సుగ్రా."

ఆమె ముసుగు పైకెత్తి గది గుమ్మం వైపు చూసింది. అది తన పేరే. ఇంట్లో ఇరవైరెండేళ్ళుగా "ఏమే", "పిల్లల తల్లీ" తప్ప ఆ పేరు అతని నోట రాలేదు.

అయినా ఆమె కుళ్ళు తగ్గలేదు. తనకు దక్కని ఆ పిలుపు ఇన్నాళ్ళూ ఆ ఇటుక గోడలు విన్నాయి.