మూల కాలు

“పెద్దకోడలా, ఇలా రా. నీ తోడికోడలి పని చూద్దువుగాని,” అంది చెకింగ్ మేడం, మైక్రోస్కోపు మీంచి కళ్లు తీయకుండానే.

హాల్లో టంకం పని చేసే ఆడవాళ్లంతా తలలెత్తారు. పెద్దకోడలు సోల్డరింగ్ ఐరన్ని స్టాండులో గుచ్చి, ఒంట్లో కరెంటు బోర్డుకి సోకకుండా కట్టుకునే మణికట్టు పట్టీ ఊడదీసి, వెళ్లి వంగి చూసింది. నిన్న చిన్నకోడలు చేసిన సర్క్యూట్ బోర్డు. నువ్వుగింజలో సగం లేని ముక్కలు, వెంట్రుకల్లాంటి కాళ్లు. ఒక్కో కాలి పక్కనా టంకం నున్నగా జారి కూర్చుంది. వంక పెట్టడానికి సూది మొనంత చోటు లేదు.

“ఎలా ఉంది?”

“బాగానే ఉంది మేడం.”

“బాగానే ఏమిటి? నీ అతుకు పెట్టినట్టుంటుంది. దీనిది మొలిచినట్టుంది.”

వెనక చిన్నకోడలు కిసుక్కున నవ్వింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకని ఊరికే అనలేదు పెద్దలు. మేడం మాట తుడుచుకుంటే పోయేదే. ఆ నవ్వు మాత్రం పెద్దకోడలి కడుపులోకి దిగి అక్కడే కూర్చుంది.

పై అంతస్తులో గుండెకు అమర్చే మిషన్ల గది తెరుస్తున్నారు. అక్కడ ఒక అతుకు వదిలిందంటే ఒక ప్రాణం పోయినట్టే. అందుకని ఏరి ఏరి తీసుకుంటున్నారు. మిగిలింది ఒక్క సీటు. పోటీలో మిగిలింది ఈ ఇద్దరు. ఇవాళ ఇచ్చిన పరీక్ష బోర్డు ఎవరిది నెగ్గితే వాళ్లు మెట్లెక్కుతారు. ఓడినవాళ్లు ఈ హాల్లోనే మిగులుతారు, సాయంత్రం అదే ఇంటికి వెళ్తారు.

మధ్యాహ్నం ఇద్దరూ క్యాంటీన్లో ఒకే బల్ల దగ్గర డబ్బాలు విప్పారు.

“అయిపోయిందా అక్కా నీ బోర్డు?”

“అయింది. నాదేముందే, అతికించాను. మొలిపించడం నాకెక్కడొచ్చు?”

“ఆవిడన్నదానికి నన్నంటావేం?”

“నవ్విందెవరు మరి? మనింటి పిల్లి వచ్చి నవ్విపోయిందా?”

“అబ్బబ్బ! ఇది రాత్రికి బావగారి చెవిదాకా వెళ్తుందన్నమాట.”

“నేను చెప్పాలా? రేపు నువ్వు పై గదికెక్కితే అత్తగారే ఊరంతా చాటుతుంది. నీకు పీట వేస్తుంది, నాకు చీవాట్లు పెడుతుంది.”

చిన్నకోడలు ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది. “ఆ సీటు నీకే వస్తుందిలే. తిను.”

ఆ మాటలో ఎగతాళే వినబడింది పెద్దకోడలికి. డబ్బా మూత పెట్టేసి లేచింది.

హాల్లో ఎవరూ లేరు. పరీక్ష బోర్డులు రెండూ మేడం బల్ల మీద ట్రేలో ఉన్నాయి. మేడం పద్ధతి అందరికీ తెలిసిందే. పెద్ద చిప్పు మూల కాలితో మొదలుపెడుతుంది. అక్కడ తప్పు కనబడితే మిగతా కాళ్ల జోలికే పోదు, బోర్డు అవతల పడేస్తుంది. టంకం చాలకపోయినా తప్పే, ఉబ్బినా తప్పే.

పెద్దకోడలు చిన్నకోడలి బోర్డు తీసి తన బల్ల మీద పెట్టుకుంది. అలవాటు కొద్దీ మణికట్టుకి పట్టీ తగిలించుకుంది, దొంగతనానికి వెళ్తూ కాళ్లు కడుక్కున్నట్టు. మైక్రోస్కోపు దీపం వేస్తే వరండాలోకి కనబడుతుంది. వేయలేదు. ఉత్త కంటితోనే మూల కాలి మీద ఐరన్ మొన ఆనించి, టంకం తీగ తాకించింది. అది కరిగి కాలిని చుట్టుకుంది. ఇక ఉబ్బి తీరాలి. బ్రష్షుతో స్పిరిట్ రాసి మరక తుడిచి, బోర్డు ఎక్కడిదక్కడ పెట్టేసింది. తిన్నది లేకపోయినా కడుపు నిండినట్టయింది.

అందరూ వచ్చి కూర్చున్నాక మేడం ముందు పెద్దకోడలి బోర్డు తీసుకుంది. చాలాసేపు చూసింది.

“పాస్. తప్పేం లేదు.”

తర్వాత చిన్నకోడలిది పెట్టింది. మూల కాలి దగ్గర ఆగింది. బోర్డు అవతల పడలేదు. మేడం రెండో కాలికి వెళ్లింది, మూడోదానికి వెళ్లింది, ఆ చివరిదాకా వెళ్లి తలెత్తింది.

“సీటు చిన్నకోడలిది.”

హాలంతా చప్పట్లు. పెద్దకోడలి చేతులు లేవలేదు. చిన్నకోడలి చేతులూ లేవలేదు.

“మేడం, ఆ మూల కాలు... ఇంకోసారి చూడండి,” అంది చిన్నకోడలు.

“చూశానమ్మా. అన్నిట్లోకీ అదే బాగుంది. టంకం ఒక చుక్క ఎక్కువా లేదు, తక్కువా లేదు.”

చిన్నకోడలు గబగబా వచ్చి తనే మైక్రోస్కోపులోకి వంగింది. లేచేసరికి ముఖంలో నెత్తురు లేదు. హాలంతా వింటోందన్న ధ్యాస కూడా లేకుండా తోడికోడలి వైపు తిరిగింది.

“ఇంట్లో నీ ఏడుపు పడలేక, సీటు నీకే పోనీలే అని ఆ కాలికి సగం టంకమే పెట్టాను కదక్కా. మిగతా సగం ఎవరు పెట్టారు?”