చాపిన చేతులు

"ఏదీ, ఓసారి నవ్వండి" అంది డాక్టరమ్మ.

"ఏం చూసి నవ్వమంటారు?" అన్నాడు మంచం మీది లారీ మెకానిక్. పొద్దున షెడ్డులో కళ్లు తిరిగి కూలబడితే, వద్దు మొర్రో అంటున్నా భార్య ఆస్పత్రికి లాక్కొచ్చి చేర్పించింది.

"నన్ను చూసి నవ్వవయ్యా" అంది భార్య.

"నిన్ను చూస్తే వచ్చే నవ్వు కూడా పోతుంది" అన్నాడు గానీ నవ్వేశాడు. మీసం రెండు వైపులా సమానంగానే లేచింది.

"నాలుక చాపండి."

చాపాడు. పసివాడికి ముద్ద పెట్టే తల్లి తనూ నోరు తెరిచినట్టు, పక్కన నిలబడ్డ భార్య కూడా చాపింది.

"రెండు చేతులూ ముందుకు చాపి, కళ్లు మూసుకోండి."

ఇద్దరూ చాపారు. ఇద్దరూ కళ్లు మూసుకున్నారు.

డాక్టరమ్మ మొహంలో రంగు మారింది. నర్సు వైపు తిరిగి, "స్కానింగ్ గదికి ఫోన్ చెయ్యి. చక్రాల కుర్చీ తీసుకురా, తొందరగా" అంది.

"కుర్చీ ఎందుకండీ, నేను నడవగలను" అన్నాడు మెకానిక్.

"మీరు కాసేపు మాట్లాడకండి."

"పెద్దవాళ్లు చెప్పింది వినవయ్యా" అంది భార్య.

స్కానింగ్‌లో బయటపడింది, మెదడు నరంలో రక్తం గడ్డ. వెంటనే ఇంజెక్షన్ ఎక్కించారు. సాయంత్రం దాకా మెకానిక్ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గడిపాడు.

డాక్టరమ్మ మళ్లీ వచ్చింది. "చేతులు చాపండి" అంది.

రెండు చేతులూ లేచాయి. గాల్లో అలాగే నిలబడ్డాయి.

"గండం గడిచింది. ఆలస్యమైతే చెయ్యి చచ్చుబడేది" అంది డాక్టరమ్మ, ఇప్పుడు తనే నవ్వుతూ.

మెకానిక్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా కళ్లు మళ్లీ తడుస్తూనే ఉన్నాయి.

"ఇంతకీ పొద్దున నాకు కళ్లెందుకు తిరిగాయంటారు?"

"మీది చెవిలో చిన్న తేడా, మాత్రలతో పోతుంది. అది రాబట్టే మీ ఆవిడ ఇక్కడికొచ్చింది. మిమ్మల్ని చూసి తనూ చేతులు చాపబట్టే, కిందికి జారిపోతున్న ఆవిడ ఎడమ చెయ్యి నా కంటపడింది."