పావు చుట్టు

"మళ్ళీ పట్టడం లేదు, దశరథ్!"

ఫోన్లో హూబర్ గొంతు వినగానే దశరథ్ కళ్ళు మూసుకున్నాడు. వారమంతా జర్మనీలోని ఇంగోల్‌స్టాట్ కార్ల ఫ్యాక్టరీలో ముక్కుకు మాస్కు బిగించుకుని తెల్లవారుజాము షిఫ్టులు చేసి ఒళ్ళు హూనమైపోయింది. శనివారం మధ్యాహ్నం ఇంత పప్పన్నం తిని నడుం వాలుద్దామనుకుంటే ఈ పిలుపు.

"వస్తున్నానండీ," అని ఫోన్ పెట్టేశాడు.

"ఇది అయిదో వారం!" అంది గిరిజ. "కారు తలుపులు అచ్చు గుద్దే డైలన్నీ మీ చేతిమీద నడుస్తాయంటారు. వేలెడంత ఇత్తడి గుల్ల దగ్గర ఓడిపోతున్నారేంటండీ?"

"ఏం చెయ్యను గిరిజా, అది నా మాట వినడం లేదు."

హూబర్ కింది అంతస్తు పెద్దాయన. ఎనభై రెండేళ్ళు. షూటింగ్ క్లబ్బులో పాత కాపు. కాల్చేసిన తూటాల గుల్లలు పారేసే రకం కాదు. పేలినప్పుడు ఉబ్బిన గుల్లని చేతి ప్రెస్సులో పెట్టి, పైనున్న డైలోకి నొక్కి, పాత కొలతకు తెచ్చి మళ్ళీ వాడుకుంటాడు. నలభై ఏళ్ళ అలవాటు.

మొన్న జనవరిలో ఆయన భార్య రోజీ కోవిడ్‌తో పోయింది. ఆఖరి చూపుకు కూడా ఆస్పత్రిలోకి రానివ్వలేదు. అప్పట్నుంచి మనిషి చిక్కి సగమయ్యాడు. టీకా వేయించుకోమంటే, "ఎవరి కోసం?" అన్నాడు. హాంబుర్గ్‌లో ఉన్న కూతురు ఫోన్ చేసి, "నాన్న తిండి మానేశారు, కాస్త కనిపెట్టి ఉండండి," అని బావురుమంది. ఆ మాట విన్నాక దశరథ్‌కు మెతుకు దిగలేదు.

పులిహోర డబ్బా పట్టుకుని దశరథ్ మొదటిసారి వెళ్ళినప్పుడు హూబర్ నేలమాళిగలో ప్రెస్సు ముందు కూర్చుని ఉన్నాడు. బల్లమీద యాభై గుల్లలు. "రోజీ పోయాక నాకు మిగిలిన పని ఇదొక్కటే," అన్నాడు. "ఇది అయిపోతే ఇంకేం లేదు."

ఆ రోజు ఒక్క గుల్లా రైఫిల్‌లో పట్టలేదు. పెద్ద రోగమేం కాదు, డై పావు చుట్టు వదులైంది. కింద వెంట్రుకవాసి సందు. శుక్లాలు కమ్మిన హూబర్ కళ్ళకు అది ఆనలేదు. దశరథ్ బిగించి, ఒక గుల్ల నొక్కి ఇచ్చాడు. రైఫిల్ బోల్టు టక్కున మూసుకుంది. హూబర్ చేతులకు రోజుకు నాలుగైదు గుల్లలు మించి నొక్కే సత్తువ లేదు, మిగతావి తర్వాత చేసుకుంటానన్నాడు. కథ కంచికి వెళ్ళాల్సింది. మరుసటి శనివారం మళ్ళీ ఫోను!

"నాకో అనుమానం," అంది గిరిజ, డబ్బాలో పులిహోర సర్దుతూ. "ఆయనే వదులు చేసి మిమ్మల్ని పిలుస్తున్నాడేమో! పలకరించే దిక్కు లేదు పాపం."

"ఏమో!"

"బిగించాక దానిమీద మార్కర్‌తో ఓ గీత గీసి రండి. ఫ్యాక్టరీలో ప్రతి బోల్టుకీ గీస్తారుగా, కదిలితే తెలియడానికి. దొంగ దొరుకుతాడు."

"ప్రతిసారీ అనుకుంటూనే మర్చిపోతున్నా," అన్నాడు దశరథ్, మార్కర్ జేబులో పెట్టుకుంటూ.

"ఇరవై ఏళ్ళ సర్వీసు! మరుపు కూడా వచ్చేసిందన్నమాట."

వీలైతే గిరిజ తనూ వెళ్ళి ఆ దొంగ సంగతీ, ఈ మరుపు సంగతీ తేల్చేసేదే. ఒక ఇంటి నుంచి ఒక్కరే వెళ్ళాలని కరోనా రూలు.

నేలమాళిగలో కిటికీ బార్లా తీసి ఉంది. హూబర్ మాస్కులోంచే కేకలేస్తున్నాడు. "మీరున్నప్పుడు పడుతుంది, వెళ్ళగానే మొరాయిస్తుంది! ఈ వారం పన్నెండు నొక్కాను, ఒక్కటీ పట్టలేదు!"

దశరథ్ ఒక గుల్లకు మార్కర్‌తో నల్లరంగు పూసి, రైఫిల్‌లోకి తోసి తీశాడు. గుల్ల మెడ కింద, భుజంలా వాలిన చోట రంగు గీసుకుపోయింది.

"ఇక్కడే తగులుతోంది. డై మళ్ళీ వదులైంది."

"నేను ముట్టలేదు! రోజీ మీద ఒట్టు! తెలిసినవాడు బిగించిన దానిమీద చెయ్యి వెయ్యను."

"ప్రెస్సు ముసలిదైపోయింది, అదురుతోందేమో."

"ముసలిదా? నాకంటే చాలా చిన్నది!" అన్నాడు హూబర్. కోపంలో ఆయన బుగ్గలు ఎర్రబడ్డాయి. మార్చిలో ఆ బుగ్గలకు నెత్తురు చుక్క లేదు.

దశరథ్ పానా తీసుకుని బిగించి, ఒక గుల్ల నొక్కాడు. బోల్టు టక్కుమంది.

"చూశారా, చూశారా!" హూబర్ నోట్‌బుక్ తెరిచాడు. రోజువారీ కొలతలు, పేజీలకు పేజీలు. "దీని అంతు తేలుస్తాను. బుధవారం తప్ప రోజూ కూర్చుంటాను."

"బుధవారం ఏముంది?"

"టీకాకి అపాయింట్‌మెంట్."

దశరథ్ తలెత్తాడు. "ఎవరి కోసం అన్నారుగా?"

"అన్నాను. ఈ దయ్యం సంగతి తేలకుండా చస్తానా? రెండో డోసు జులైలో. మీరు శనివారాలు ఖాళీయేగా?"

"ఖాళీయేనండీ," అన్నాడు దశరథ్. నడుం విరిగిపోతోంది, కళ్ళు మాత్రం చెమర్చాయి.

పోయిన వారం డబ్బా ఆపిల్ కేకుతో బల్లమీద ఉంది. మొదట్లో అది సగం అన్నంతో తిరిగొచ్చేది.

"కాఫీ పెడతాను, మీరు సర్ది రండి," అంటూ హూబర్ మెట్లెక్కాడు.

దశరథ్ గుల్లలు డబ్బాలో పోసి, బల్ల తుడిచి, మార్కర్‌కు మూత పెట్టి జేబులో వేసుకున్నాడు. పైన కప్పులు చప్పుడయ్యేదాకా ఆగాడు.

ఎప్పటిలాగే, పానా తీసుకుని డైని పావు చుట్టు వదులు చేశాడు.