చెలమ ఎవరిది

సిలపాని సొరకాయ బుర్ర నీళ్ళలో ముంచబోతుంటే నోంగిసో వచ్చి ఆమె మేకలకు అడ్డంగా నిలబడింది.

"ముందు నా మేకలు తాగాలి అక్కా. ఈ చెలమ మాది."

"ఎప్పట్నుంచి మీదైంది? రాత్రి కల్లో తవ్వావా?"

వరసగా రెండు వానకాలాలు మొహం చాటేశాయి. ఎండిన వాగు ఇసుకలో ఆ ఒక్క చెలమలోనే నీళ్ళు మిగిలాయి. ఇంకో చెలమ కావాలంటే పొద్దున్నే బయలుదేరి ఎండ నడినెత్తికి వచ్చేదాకా నడవాలి. నోంగిసో మేకలు ఈమధ్యే ఈనాయి, వాటికి అంత ఓపిక లేదు. సిలపాని ఇంట్లో పసిగుడ్డు మనవరాలు ఉంది. తల్లికి పాలు పడక ఆ పిల్ల మేకపాల మీదే బతుకుతోంది.

మందలు మేపుకుని బతికే సంబూరువాళ్ళలో నీళ్ళ విషయంలో వాదన ఉండకూడదు. చెలమ తవ్వినవాళ్ళదే మొదటి వంతు. వాళ్ళు వచ్చేసరికి ఎవరి మేకలు తాగుతున్నా సరే, మూతి తడిసీ తడవకముందే వెనక్కి లాగెయ్యాలి. వాళ్ళ తర్వాత ఎవరు తాగినా కాదనేవాళ్ళు ఉండరు. కాకపోతే ఈ ఏడు ఆ తర్వాత తాగడానికి మిగిలేది బురదే.

తగువు లెకులాల్ తాత దగ్గరికి వెళ్ళింది. ఆ చుట్టుపక్కల పెద్దమనిషి ఆయనే. తుమ్మచెట్టు నీడలో బుల్లి కర్రపీట మీద కూర్చుని, పొగాకు బుగ్గన పెట్టుకుని ఇద్దరి మాటా విన్నాడు. నోంగిసో చెప్పినదాని ప్రకారం, ఆమె మొగుడు మరలాల్ పట్నంలో కాపలా పనికి వెళ్ళేముందు ఒక్కడే ఒక్క పూటలో తవ్వేశాడట. ఆ మహానుభావుడు పాలబుర్ర తప్ప ఇంకేదీ చేత్తో ఎత్తగా తాను చూడలేదంది సిలపాని. తవ్వింది తన అత్తగారని తేల్చేసింది. అత్తగారు పోయి చాలాకాలమైంది కనక ఆవిణ్ణి అడిగే వీలు లేదు.

"నీ మెడలో పూసలకంటే నీ నోట్లో అబద్ధాలెక్కువ అక్కా," అంది నోంగిసో. "మాది కాకపోతే చెలమ చుట్టూ ముళ్ళకంప నేనెందుకు వేస్తాను? ఏనుగులొచ్చి పాడుచేస్తున్నాయని చేతులు చీరుకుపోయేలా వేశాను."

సగం కంప తనదేనని సిలపాని కూడా చేతులు చాపింది. గీతలు ఇద్దరికీ సమానంగానే ఉన్నాయి. తాత రెండు జతల చేతులూ తిరగేసి చూసి, ఆ నీళ్ళు దోసిట్లో పట్టుకుని మావాళ్ళే తవ్వారని ప్రమాణం చెయ్యమన్నాడు. అబద్ధమాడితే మందలో మేకలు పోతాయి, అంతకంటే ఏం కాదు అని ధైర్యం కూడా చెప్పాడు.

నోంగిసోకి ఉన్నట్టుండి పొయ్యి మీద పెట్టిన పాలు గుర్తొచ్చాయి. సిలపానికి దగ్గు తెర పట్టుకుంది.

తాత నవ్వు ఆపుకున్నాడు. చెలమ ఎవరు తవ్వారో తనకు తెలుసనీ, తవ్వుతుండగా కళ్ళారా చూశాననీ అన్నాడు. వాళ్ళు ఎవరని ఇద్దరూ ఒకేసారి అడిగారు. తెల్లారితే వాళ్ళే వస్తారు, అప్పుడు చూసుకోండన్నాడు. తగువులో ఉన్న చెలమకి ఎవరి కంచే ఉండకూడదు కనక కంప మొత్తం తీసెయ్యమన్నాడు.

కంప లాగుతూ ఇద్దరూ తిట్టుకోవడం మర్చిపోయారు. మూడోవాళ్ళు వస్తున్నారంటే పాత పగలు అలాగే చల్లారతాయి. వచ్చేది అవతలి గట్టువాళ్ళే అయ్యుంటారని నోంగిసో తేల్చింది. వాళ్ళకి ఆవులున్నాయి. ఆవులు మూతిపెడితే తడి ఇసుక కూడా మిగలదు. అసలే కంప వేసిన దగ్గర్నుంచీ చెలమ పూడిపోతోంది. సిలపాని మోచెయ్యి దాకా దించి తోడితే చారెడు బురద వచ్చింది. దాన్ని చూడగానే ఆమెకు మనవరాలి ఎండిన పెదాలు గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నోంగిసో గొంతు తగ్గించి అడిగింది.

"నిజం చెప్పక్కా. మీ అత్తే తవ్విందా?"

"మేం వచ్చేసరికే ఉందిది. మీవాళ్ళు తవ్వుంటారనుకున్నా."

"మేం మీవాళ్ళనుకున్నాం. మీరు అడగట్లేదు కదా అని ఊరుకున్నాం."

ఇద్దరికీ నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. అవతలి గట్టువాళ్ళు రాకముందే మేకలకు తాగించెయ్యాలని అక్కడికక్కడే ఒప్పందం చేసుకున్నారు. ఎవరి మేకలు ముందన్న దగ్గర మళ్ళీ వాదన మొదలైంది. పసిపిల్ల ఉంది, నీవే ముందని నోంగిసో, ఈనిన మేకలు కదా నీవే ముందని సిలపాని పట్టుబట్టారు.

తూరుపు తెల్లబడేసరికి ఇద్దరూ మందలతో వాగులోకి దిగారు. తాత వాళ్ళకంటే ముందే వచ్చి గట్టు మీద పీట వేసుకున్నాడు. అవతలి గట్టు మీద మనిషి అలికిడి లేదు. హమ్మయ్య అనుకుని మేకల్ని చెలమ దగ్గరికి తోలారు.

అప్పుడే వాగు మలుపు దగ్గర కొమ్మలు విరిగిన చప్పుడైంది. ఒక పెద్ద ఆడ ఏనుగు, దాని కాళ్ళ మధ్య ఓ గున్న, వెనక ఇంకో నాలుగు, నింపాదిగా ఇసుకలోకి దిగాయి. కంప తీయించినందుకు తాతని లోలోపల తిట్టుకుంటూ నోంగిసో రాయి అందుకుంది.

"రాయి కింద పడెయ్యమ్మా," అన్నాడు తాత గట్టు మీంచే. "ఇద్దరూ మేకల్ని వెనక్కి లాగండి."

"ఎందుకు లాగాలి తాతా?" అంది సిలపాని. "తవ్వినవాళ్ళొస్తే అప్పుడు లాగుతాం."

తాత పీట మీంచి లేచి నిలబడ్డాడు.

"తవ్వినావిడ వచ్చింది."