మర్యాదకు మార్కులు

"ఏడుసుడు తర్వాత అక్కా. ముందు గీ నీళ్లు తాగు."

శంషాబాద్ విమానాశ్రయం కార్గో గేటు బయట కుర్మయ్య ఒకామె చేతిలో నీళ్ల సీసా పెట్టాడు.

ఆమె పేరు రేణుకమ్మ. దుబాయిలో చనిపోయిన భర్త శవపెట్టె ఆ పొద్దున విమానంలో దిగింది.

"మొన్న గూడ ఫోన్ల మాట్లాడిండు..." అని ఆమె ఏదో చెప్పబోయింది.

"అవన్నీ ఇంటికాడ చెప్పుకుందువు. పాస్‌పోర్టు జిరాక్స్ ఏది? తియ్యి. గీడ సంతకం పెట్టు."

పెట్టింది.

"పెట్టె చేతికి రాంగనే అంబులెన్స్ ఎక్కించుడే. ఈడ తెరవద్దు."

"ఒక్కపారి మొఖం చూస్త అన్నా."

"తెరవద్దన్న గద! ముందు ఊళ్లె పెద్దోళ్లు చూస్తరు. ఆళ్లు చూడుమంటే అప్పుడు చూడు. నడువు."

రేణుకమ్మ కళ్లు తుడుచుకుని నడిచింది.

పక్కనే నిలబడి వరప్రసాద్ కాగితం మీద గీతలు పెడుతున్నాడు.

వరప్రసాద్‌కి మర్యాదలో డాక్టరేట్ ఉంది. మనుషులు ఎలా మాట్లాడుకుంటారో ఆరేళ్లు చదివాడు. ఆ చదువులో పడి మనుషులతో మాట్లాడ్డానికి తీరిక దొరకలేదు, పాపం. కార్గో ఏజెన్సీ వాళ్లు సిబ్బంది మాటతీరు బాగుచేయమని ఆయన్ని వారం రోజులకు పిలిపించుకున్నారు.

కాగితంలో ఇలా ఉంది: వంతు లాక్కోవడం, రెండు. ఆజ్ఞలు, ఆరు. అభ్యర్థన, సున్నా. మెత్తబరిచే మాట, సున్నా.

"చూశావా కీర్తనా?" అన్నాడు కౌంటర్‌లో కొత్తగా చేరిన అమ్మాయితో. "మాట్లాడ్డంలో ఒకరి వంతు అయ్యాకే ఇంకొకరి వంతు. మధ్యలో దూరితే దాన్ని అడ్డుపాటు అంటాం. పోనీ, అది క్షమిద్దాం. ఎంపిక ఏది? ఎదుటివారికి ఎంపిక ఇవ్వడమే మర్యాదకు పునాది. తెరవద్దు ఏమిటి, తెరవద్దు? ఎద్దుల్ని తోలుతున్నాడా?"

"కానీ ఆవిడ ఏడుపు ఆపింది సార్."

"ఆపించాడు. దాన్ని దబాయింపు అంటాం."

తర్వాత కుర్మయ్యను వేలు ఆడించి పిలిచాడు. తనకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడు. మర్యాద నేర్పేవాళ్లకు ఆ లెక్కలు వర్తించవు కాబోలు.

"ఏమయ్యా, నీకు అండీ అనడం రాదా?"

"వస్తది సార్."

"మరి అనవేం?"

"పెట్టె కాడ అండీ గిండీ అంటే ఆళ్లకు ఇనపడది సార్."

"నాకే పాఠం చెబుతున్నావా? ఏం చదువుకున్నావు?"

"అయిదు దాంక."

"అదీ సంగతి!" వరప్రసాద్ నవ్వాడు. "రేపటి నుంచి నువ్వు ఈ గేటు దగ్గర కనిపించకూడదు. నీ మాటకి ఆఫీసు పరువు పోతోంది."

కుర్మయ్య మొహం వాడిపోయింది.

"రేపు ఇంకో పెట్టె వస్తదంట సార్. పెండ్లాం చిన్నపిల్లనట. ఆమెకు జర నేను..."

"ఇక చాలు, వెళ్లు."

వరప్రసాద్ ఈ అడ్డుపాటును కాగితంలో రాసుకోలేదు.

ఆ వారమే డ్యూటీలో చేరిన గార్డు కుర్మయ్యను రోడ్డు దాకా పంపించి వచ్చాడు.

మర్నాడు ప్రేమలత అనే అమ్మాయి భర్త పెట్టె కోసం అన్నను వెంటబెట్టుకుని వచ్చింది. జగిత్యాల దగ్గర పల్లె. పెళ్లయి మూడేళ్లు.

"నమస్కారం అండీ," అంది కీర్తన, నేర్పినట్టే. "మీకు కలిగిన నష్టానికి మా సంస్థ తరఫున చింతిస్తున్నాం. మీకు వీలైతే ఇక్కడ సంతకం చేయగలరా అండీ?"

ప్రేమలత ఆ మాటలు ఎవరితోనో అంటున్నట్టు చూసింది. సంతకం ఆమె అన్నే పెట్టాడు. పెట్టె బయటికొచ్చింది.

"ఈడనే తెరిచి చూడొచ్చునా మేడం? రెండేండ్లాయె చూడక."

కీర్తన వరప్రసాద్ వైపు చూసింది. ఆయన చిరునవ్వుతో తలాడించాడు.

"అది పూర్తిగా మీ ఇష్టం అండీ."

వరప్రసాద్ రాసుకున్నాడు: ఎంపిక, పదికి పది.

తెరిచారు.

అతను పోయి రెండు నెలలు. అక్కడి కాగితాలు కదిలేదాకా దవాఖాన శవాలగదిలోనే ఉన్నాడు.

"ఈయన మా ఆయన గాదు," అంది ప్రేమలత. "అన్నా, వేరేటోళ్లది ఇచ్చిండ్రు. మా ఆయన గిట్ల ఉండడు."

శవం చేతి మీది పచ్చబొట్టు అన్న చూశాడు. ప్రేమలత పేరే. వెంటనే మూత వేసేశాడు గానీ అప్పటికే ఆమె చూసేసింది.

ఆమె కింద కూలబడింది. తర్వాత నోట మాట రాలేదు. అన్న పిలిచినా, కీర్తన ఏడుస్తూ చెయ్యి పట్టుకున్నా, ఆ చూపు ఎవరి మీదా ఆగలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. మనిషి లేవదు, అంబులెన్స్ కదలదు.

వరప్రసాద్ దగ్గర మౌనానికి కూడా ఒక గడి ఉంది, ఎన్ని సెకండ్లో రాసుకోవడానికి. ఆయన కలం ముట్టుకోలేదు. జీవితంలో మొదటిసారి సిగ్గేసింది.

"నిన్నటి మనిషిని పిలిపించు కీర్తనా. కుర్మయ్యని. ఆయన చెబితే లేస్తుంది."

కీర్తన సిబ్బంది జాబితా రెండుసార్లు చూసింది. "ఆ పేరు ఇందులో లేదు సార్. ఆయన లోడింగ్ వాళ్ల మనిషి అనుకున్నాను."

"ఆయన ఎవరి దగ్గర పనిచేస్తాడు?" అని వరప్రసాద్ అంబులెన్స్ డ్రైవర్ గోవర్ధన్‌ని అడిగాడు.

"ఎవరి దగ్గర చెయ్యడు సార్, తొండుపల్లిల ఎవుసం చేసుకుంటడు," అన్నాడు గోవర్ధన్. "తొమ్మిదేండ్ల కింద తమ్ముని పెట్టె కోసమని ఈ గేటు కాడికి వచ్చిండు, తెరవద్దని ఆ దినం ఆయనకు చెప్పేటోడు ఎవ్వడు లేకుండె."