ఆఖరి సీసా

చీమకు ముందుచూపు ఎక్కువని మా చిన్నప్పటి వాచకంలో ఉండేది. ఆ పాఠం రాసినాయన దాని చేతికి ఆసుపత్రి మందులగది ఇచ్చి చూడలేదనుకుంటాను.

ఒక అడవిలో ఇచ్చారు. ఏ మందూ నిండుకోకూడదని పెద్దాఫీసరు ఏనుగు ఉత్తర్వు. అందుకని చీమ ఏ మందులోనూ ఆఖరి సీసాను ఎవరికీ ఇచ్చేది కాదు.

ఒకరోజు కుందేలు, పాము కరిచిన పిల్లను వీపున వేసుకుని పరుగెత్తుకొచ్చింది.

"చీమక్కా, విషానికి మందియ్యి!"

"ఒక్కటే ఉంది చెల్లీ. అదిస్తే నిండుకుంటుంది. కొత్త సరుకు రానీ."

"ఎప్పుడొస్తుంది?"

"నిండుకుందని రాసి పంపితే వస్తుంది."

"నువ్వు నిండుకోనివ్వవు కదక్కా!"

చీమ ఆలోచించింది. కుందేలు అన్నది నిజమేననిపించింది. అయినా సీసా కనిపిస్తున్న అద్దాల బీరువా తాళం తియ్యలేదు. పొద్దు వాలకముందే పిల్ల చనిపోయింది.

మర్నాడు ఏనుగు తనిఖీకొచ్చింది. ఏ అరా ఖాళీగా లేదని చీమను మెచ్చుకుంది. విషానికిచ్చే మందుకు మాత్రం నిన్నటితో గడువు తీరిపోయిందట, పాతిపెట్టమంది.

చీమ ఆ సీసాను ఈడ్చుకుంటూ అడవి చివరికి వెళ్లింది. అక్కడ కుందేలు తన పిల్లకు గొయ్యి తవ్వుతోంది. సీసాను చూసి గుర్తుపట్టింది.

"ఇప్పుడు నిండుకుందా అక్కా?" అని అడిగింది.